తేదీ చెప్పండి, నిర్ణయం మేం సరిగానే తీసుకుంటాం

బ్యాంకు అధికారులకు, వ్యవసాయ, మార్కెటింగ్, భూగర్భజల శాఖల అధికారులకు, మా పల్లెల్లో ఆర్థిక అక్షరాస్యత శిబిరాలు నడుపుతున్నవారికి ఒక బహిరంగ లేఖ

నమస్కారం.

నేను దేవరకొండ ప్రాంతంలో ఒక ఊళ్లో మహిళా గ్రామ సంఘం లెక్కలు రాస్తాను. నల్లగొండ జిల్లా అయిపోయి పాలమూరు మొదలయ్యే చోటు మాది. ఎర్ర చెలకలు, పత్తి, కంది, బోరు ఉన్నచోట వరి, బత్తాయి. ఎవరి ఇంట్లో ఎంత అప్పు ఉంది, ఎవరి పుస్తెలతాడు ఎక్కడ తాకట్టులో ఉంది, ఎవరు ఏ నెలలో పట్నం పోతారు అన్నది నా రిజిస్టర్లలోనే కనిపిస్తుంది.

పంట డబ్బులు, పంట రుణాల ఆలస్యం గురించి మా సంఘం తరఫున అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు, జవాబు రాలేదు. మళ్లీ అడిగితే ఊళ్లో ఒక శిబిరం పెట్టారు. అందులో మాకు చెప్పింది ఇది: మీరు రేపటి సంగతి ఆలోచించరు, చేతికి పైసలు రాకముందే ఖర్చు రాసుకుంటారు, బ్యాంకు ఉండగా మూడు రూపాయల వడ్డీకి పోతారు, బీమా పట్టించుకోరు, బోర్ల మీద బోర్లు వేస్తారు. వచ్చినవాళ్లు మర్యాదగానే మాట్లాడారు, మా మంచి కోరే చెప్పారు. కానీ చెప్పిన మాట తప్పు. ఆ తప్పు మాటను నమ్మి పథకాలు తయారు చేస్తే నష్టపోయేది మేము. అందుకే ఈ లేఖ అందరూ చదివేలా రాస్తున్నాను.

మాకు ఓపిక లేదనడం నిజం కాదు. మీరు ఇస్తామన్నది ఏ రోజు చేతికి వస్తుందో తెలియదు. తెలియని తేదీ కోసం వడ్డీ కట్టుకుంటూ ఆగడం కన్నా ఇవాళ తక్కువకు ఒప్పుకోవడమే చాలాసార్లు మాకు నష్టం తక్కువ. దీన్ని ఉదాహరణలతో చెబుతాను.

1. మా పల్లెల మీద చేసిన పరిశోధనే ముందుగా చూడండి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో పల్లెల అధ్యయనం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఊళ్లలో రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావి: ఔరేపల్లి, డోకూర్. ఆ అధ్యయన గ్రామాల్లో హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త రైతులతో, కూలీలతో నాణెం ఎగరేయించి నిజమైన డబ్బుతో పరీక్ష పెట్టారు. ఒక ఎంపికలో బొమ్మ పడినా బొరుసు పడినా 50 రూపాయలు ఖాయం. అన్నిటికన్నా సాహసమైన ఎంపికలో ఒకవైపు పడితే 200, రెండోవైపు పడితే సున్నా. మధ్యలో మరికొన్ని మెట్లు. 1980లో అచ్చయిన ఫలితం ఏమంటే, పందెం డబ్బు పెద్దదయ్యేకొద్దీ దాదాపు అందరూ ఒకే తీరుగా, ఓ మోస్తరుగా జాగ్రత్తపడ్డారు. ఆస్తి ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే పదెకరాల ఆసామి డ్రిప్ వేసి బత్తాయి పెడితే, రెండెకరాల రైతు పెట్టలేకపోతే, అది ధైర్యంలో తేడా కాదు. అప్పు ఎవరికి పుడుతుంది, నీళ్లు ఎవరికి అందుతాయి, ముందుగా సంగతి ఎవరికి తెలుస్తుంది అన్నదాంట్లో తేడా.

ఔరేపల్లి, డోకూర్‌లలోనే తర్వాత ఇంకొక పరీక్ష జరిగింది. జాన్ పెండర్ అనే పరిశోధకుడు ఇప్పుడు ఇన్ని బియ్యం కావాలా, కొన్ని నెలలాగితే ఇంకొంచెం ఎక్కువ కావాలా అని అడిగారు. చాలామంది ఆగడానికి బాగా ఎక్కువ అడిగారు. 1996లో వచ్చిన ఆ పరిశోధన పత్రం దాన్ని జనం గుణంగా చూపించి వదిలేయలేదు, ఊళ్లో అప్పు దొరికే తీరుతో ముడిపెట్టి చూసింది. మా శిబిరంలో మాత్రం సగం సంగతే చెప్పారు. తొందర ఉందన్నారు, అది ఎక్కడినుంచి వచ్చిందో అడగలేదు.

2. ఇప్పుడు పత్తి లెక్క. 2025–26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8110 రూపాయలు. ఊరి దగ్గర వ్యాపారి 7500 ఇస్తున్నాడనుకోండి. నాలుగెకరాల చెలకలో 20 క్వింటాళ్లు వచ్చాయనుకోండి. తేడా క్వింటాలుకు 610, మొత్తం 12,200 రూపాయలు. ఆ రైతుకు నూటికి మూడు రూపాయల వడ్డీతో 2 లక్షల అప్పు ఉంటే నెలకు వడ్డీ 6000. కొనుగోలు కేంద్రంలో స్లాటు దొరికి, పత్తి తూకమై, డబ్బు ఖాతాలో పడేసరికి ఒక నెల పడితే ఆగినందుకు 6200 మిగులుతుంది. రెండు నెలలు పడితే 200 మిగులుతుంది. రెండున్నర నెలలైతే 2800 నష్టం. ఇందులో ఇంకా బండి కిరాయి కలపలేదు. తేమ 12 శాతం దాటిందని వెనక్కి పంపితే రెండో కిరాయి కలపలేదు. ఇంట్లో పోసుకున్న పత్తి రంగు మారితే తగ్గే ధర కలపలేదు.

ఒక నెలలో డబ్బు పడుతుందని ఖాయంగా తెలిస్తే ఆ రైతు ఆగుతాడు. పదిహేను రోజులు కావచ్చు, డెబ్బై రోజులు కావచ్చు అంటే వ్యాపారికి ఇచ్చేస్తాడు. రెండుసార్లూ అతను చేసింది సరైన లెక్కే. మారింది మీరు చెప్పిన తేదీ ఒక్కటే. మీరు దీన్ని దళారుల మోసం అంటారు. మోసం జరిగే చోట్లు ఉన్నాయి, నేను కాదనను. కానీ మోసం లేకపోయినా ఈ రైతు వ్యాపారి దగ్గరికే పోతాడు. ఎందుకంటే ఆయన రేపు పొద్దున పైసలు ఇస్తానంటే రేపు పొద్దున ఇస్తాడు.

వరి సంగతీ ఇదే. కొనుగోలు చేశాక 48 గంటల్లో డబ్బు వేస్తామని ప్రభుత్వమే చెబుతుంది. వేసినచోట మా వాళ్లు కల్లం దగ్గర అగ్గువకు అమ్ముకోవడం మానేశారు. వేయనిచోట మళ్లీ పాత దారే పట్టారు.

3. బ్యాంకు ఖాతాలో హోల్డు గురించి ప్రత్యేకంగా రాయాలి. పాత బాకీ ఉందని పంట డబ్బునో, ప్రభుత్వ సాయాన్నో ఖాతాలోనే ఆపేస్తారు, లేదా చెప్పకుండా జమ చేసుకుంటారు. మా దగ్గరి ఒక శాఖలో మా సంఘం సభ్యురాలికి ఇలాగే అయింది. ఆమె ఆ డబ్బుతో యాసంగికి విత్తనం, ఎరువు కొనాలనుకుంది. ఖాతాలో అంకె కనిపిస్తోంది, చేతికి రాదు. విత్తే అదును రెండు వారాల్లో పోతుంది. ఆమె ఎరువుల దుకాణంలో ఉద్దెర తెచ్చుకుంది, బంగారం కుదువపెట్టింది. తర్వాతి పంటను ఆమె ప్రభుత్వ కేంద్రానికి తీసుకుపోలేదు, అక్కడ అమ్మితే డబ్బు అదే ఖాతాలో పడుతుంది కాబట్టి. ఆమెను చూసి మరో నలుగురూ అదే చేశారు. బ్యాంకుకు బాకీ వసూలైంది, నిజమే. ఆ ఒక్క వసూలుతో ఎంతమంది మద్దతు ధరకు దూరమయ్యారో మీ పుస్తకాల్లో ఎక్కదు, మా పుస్తకాల్లో ఎక్కుతుంది. బాకీ కట్టొద్దని నేను అనడం లేదు. ఎప్పుడు, ఎంత పట్టుకుంటారో ముందే రాసి చెప్పమంటున్నాను.

4. పంట రుణం 3 లక్షల దాకా 7 శాతం వడ్డీకి వస్తుంది. గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ఈ రెండిటిలో ఏది మేలో తెలియని ఆడమనిషి మా సంఘంలో ఒక్కరూ లేరు. తెలిసీ 36 శాతానికి ఎందుకు పోతారు? మిరుగు కార్తె జూన్ మొదట్లో వస్తుంది. రెన్యువల్ ఆగస్టులో అవుతుంది. ఆ మధ్యలో విత్తనం పెట్టాలి. పత్తి విత్తనం ప్యాకెట్ ధర 2025లో 901 రూపాయలని ప్రభుత్వం నిర్ణయించింది. నగదు ఉన్నవాళ్లకే ఆ ధర. ఉద్దెర తెచ్చుకుంటే దుకాణదారు తన ధర వేస్తాడు, పైగా పంట నాకే తేవాలంటాడు. అక్టోబరులో మద్దతు ధరకు అమ్ముకునే హక్కు జూన్‌లోనే పోతుంది.

పెట్టుబడి సాయం కూడా ఇలాగే. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు 4000 రూపాయల చెక్కులు మే నెలలోనే ఇచ్చారు, మిరుగుకు ముందు. అది విత్తనానికి పనికొచ్చింది. తర్వాత కొన్ని సీజన్లలో నాట్లు పడ్డాక, విడతలు విడతలుగా వచ్చింది. అప్పటికే తెచ్చిన అప్పుకు వడ్డీగా పోయింది. 2025 జూన్‌లో రైతు భరోసా కింద ఎకరాకు 6000 కొద్ది రోజుల్లోనే వేశారు. చేయాలనుకుంటే చేయగలరని దాంతో తెలిసింది. ఎంత ఇస్తారన్న దాని గురించి నాయకులు కొట్లాడుకుంటారు. ఎప్పుడు ఇస్తారన్నది అంతకన్నా తక్కువ సంగతి కాదు.

5. రుణమాఫీ మీద ఎక్కువ రాయను, రాజకీయమంటారు. ఒక్క విషయం. 2014 మాఫీ విడతలవారీగా వచ్చింది. 2018లో ఇచ్చిన మాట చాలామందికి 2023 దాకా అందలేదు. ఆ మధ్య కాలంలో రెన్యువల్ చేయాలా, ఆగాలా అన్నది ప్రతి ఇంట్లో టెన్షనే. కట్టినవాళ్లు మాఫీ పోతుందేమోనని భయపడ్డారు. ఆగినవాళ్లు మొండి బాకీదారులై కొత్త అప్పు పోగొట్టుకున్నారు. ఏ దారి పట్టినా తప్పయ్యేలా చేసింది ఆ తేదీ లేని మాటే.

6. బీమా. దేశంలో వాన ఆధారంగా పంట బీమా మొదట అమ్మింది మన మహబూబ్‌నగర్ జిల్లాలోనే, 2003లో, వేరుశనగ, ఆముదం రైతులకు. చిన్న రుణాలిచ్చే బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా కంపెనీ కలిసి చేశాయి. తర్వాత దాన్ని పరిశీలించినవాళ్లకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఏమంటే, రిస్క్‌కు ఎక్కువ భయపడేవాళ్లే బీమా తక్కువగా కొన్నారు. నాకు ఆశ్చర్యం కలగలేదు. మా వాళ్లకు వానంటే ఎంత భయమో, తెలియని కాగితమంటే అంతే భయం. వాన కొలిచే పరికరం మండల కేంద్రంలో ఉంటుంది, మా చెలక పది కిలోమీటర్ల అవతల ఉంటుంది. అక్కడ పడి ఇక్కడ పడకపోతే ప్రీమియమూ పోయింది, పంటా పోయింది. తెలిసినవాళ్లు, నమ్మకస్తులు దగ్గరుండి చెప్పినచోట కొనేవాళ్లు పెరిగారని కూడా ఆ పరిశోధనల్లోనే తేలింది. ఇంకో విషయం మీకు పనికొస్తుంది: బీమా ఉందన్న ధైర్యం కలిగిన రైతులు రిస్క్ ఉన్నా రాబడి ఎక్కువున్న పంటలకు మళ్లారు. మా దగ్గర సాహసం లేదని శిబిరంలో అన్నవాళ్లు ఇది చదవాలి.

కేంద్రం ఫసల్ బీమా నుంచి రాష్ట్రం 2020లో తప్పుకుంది. మళ్లీ చేరతామని 2024లో ప్రకటించారు. ఆ పథకంలో రైతు వాటా వానాకాలం ఆహార పంటలకు 2 శాతం, యాసంగికి 1.5, పత్తి లాంటి వాణిజ్య పంటలకు 5 శాతం. మా ఊళ్లో ఎక్కువ పత్తే. ఆ 5 శాతం కట్టాక పరిహారం ఏ నెలలో వస్తుందో రాసి ఇస్తే కట్టేవాళ్లు ఉంటారు.

7. బోర్ల మాట శిబిరంలో నవ్వుతూ చెప్పారు. అది నవ్వే మాట కాదు. మూడు బోర్లు ఎండి, అప్పు మెడ దాకా వచ్చినవాడు నాలుగోది ఎందుకు వేస్తాడంటే, ఆపితే ఆ మూడింటి నష్టం ఖాయం, వేస్తే బయటపడే ఆశ కొంచెమైనా ఉంది. ఖాయమైన నష్టం ముందున్నప్పుడు మనుషులు పెద్ద జూదానికైనా దిగుతారని డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే చూపించారు. కానెమన్‌కు 2002లో నోబెల్ వచ్చింది. అది అన్ని దేశాల మనుషుల గురించి చెప్పిన మాట, నల్లగొండ రైతుల గురించి కాదు. మా దగ్గర ఆ సమయంలో సలహా ఇచ్చేది చేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసేవాళ్లు. భూగర్భజల శాఖ మనిషి కోసం ఎదురుచూస్తే రిగ్గు బండి వేరే మండలానికి పోతుంది. వద్దని చెప్పే మాట కూడా సమయానికి రావాలి. మొదటి బోరు ఎండినప్పుడే ఎవరైనా వచ్చి ఈ రాతిలో నీళ్లు లేవని కాగితం మీద రాసిస్తే చాలా ఇళ్లు నిలబడతాయి.

8. వలస. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా తెలుసు. మేస్త్రీ అడ్వాన్సు తీసుకుని నెలల తరబడి కట్టుపడిపోతారు, చవకగా అమ్ముడుపోతారు అని బాధపడతారు. ఉపాధి హామీ చట్టంలో కూలి 15 రోజుల్లో ఇవ్వాలని, ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలని రాశారు. రోజుకు 0.05 అంటే నెలకు నూటికి రూపాయిన్నర. మేము బయట కట్టే వడ్డీ మూడు రూపాయలు. ఆ పరిహారం కచ్చితంగా వచ్చినా సగమే పూడుతుంది, అది కూడా అడిగితే తప్ప రాదు. మేస్త్రీ మాత్రం పండుగ ముందు రోజు ఇంటికొచ్చి చేతిలో పెడతాడు. బిడ్డ ఫీజు కట్టే తేదీ ఉన్న తల్లి దేన్ని ఎంచుకోవాలి?

కౌలు రైతులకు పైన చెప్పినవన్నీ రెండింతలు. పెట్టుబడి సాయం పట్టాదారుకు పోతుంది, బ్యాంకు అప్పు పట్టాదారుకు పుడుతుంది. కౌలు ముందే కట్టాలి, వాన రిస్క్ అంతా కౌలుదారుదే. వాళ్లకు రుణ అర్హత కార్డులు ఇవ్వాలని 2011 చట్టం చెబుతోంది. మా ఊళ్లో కార్డు చూసినవాళ్లు దొరకరు.

ఇంతకూ ముందుగా చెబితే మా వాళ్లు వింటారా అని మీరు అడగవచ్చు. వింటారు. తెలంగాణలో 250 గ్రామాల్లో జరిగిన ఒక పరిశోధనలో రుతుపవనాలు ఎప్పుడొస్తాయో విత్తనానికి చాలా ముందే రైతులకు చెప్పారు. కాలం బాగుండదని తెలిసినవాళ్లు సాగు తగ్గించుకున్నారు, బాగుంటుందని తెలిసినవాళ్లు పెంచారు. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పత్తి పెట్టమని మీరూ చెబుతారు. మా ఊళ్లో ఎంత పడిందో ఆ పొద్దే తెలిస్తే కదా ఆగేది.

అందుకని మా సంఘం అడుగుతున్నవి ఇవి.

1) పత్తి, వడ్లు కొన్న రోజే ఇచ్చే చీటీ మీద డబ్బు పడే చివరి తేదీ అచ్చు వేయండి. ఆ తేదీ దాటితే నెలకు నూటికి రూపాయిన్నర చొప్పున, రైతు అడగకుండానే, అదే ఖాతాలో కలిపి వేయండి.

2) పాత బాకీ కింద ఏ డబ్బు పట్టుకోవాలన్నా 15 రోజుల ముందు తెలుగులో రాతపూర్వకంగా చెప్పండి. పంట డబ్బులో సగానికి మించి పట్టుకోవద్దు, మిగతా సగం తర్వాతి పంటకు వదలండి. చెప్పకుండా పెట్టిన హోల్డులు వెంటనే తీసేయండి.

3) మా ఊరి పంట రుణాల రెన్యువల్ మే నెలలోనే, ఊళ్లోనే, ఒక ప్రకటించిన రోజున పెట్టండి. రైతు భరోసా మిరుగుకు ముందు, యాసంగి నాట్లకు ముందు వేయండి.

4) బీమా మొదలుపెట్టినప్పుడు ప్రీమియం, పరిహారం లెక్క, పరిహారం వచ్చే నెల ఒకే పేజీలో తెలుగులో ఇవ్వండి. ప్రతి పంచాయతీలో వాన కొలిచే పరికరం పెట్టి రోజూ అంకె బోర్డు మీద రాయించండి. రాసే పని మా సంఘం చేస్తుంది, జీతం అడగం.

5) బోరు కోసం దరఖాస్తు ఇచ్చిన పది రోజుల్లో భూగర్భజల శాఖవాళ్లు చూసి, వేయవచ్చో లేదో రాసి ఇవ్వాలి.

6) కౌలు రైతుల కార్డుల కోసం ఈ వానాకాలానికి ముందే గ్రామసభ పెట్టండి.

7) శిబిరాలు మానవద్దు. వచ్చేటప్పుడు మా బ్యాంకు శాఖలో ఎన్ని దరఖాస్తులు ఎన్ని రోజులుగా ఆగి ఉన్నాయో ఆ పట్టిక తీసుకురండి. మా లెక్కల పుస్తకాలు మేం తెస్తాం, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

వీటిలో సాధ్యం కానిది ఏదైనా ఉంటే ఏది, ఎందుకు కాదో రాయండి. దాన్ని మా వాళ్లకు నేను చదివి వినిపిస్తాను. మా పాత అర్జీ రసీదు ప్రతిని ఈ లేఖతో పాటు మళ్లీ పంపుతున్నాను. జవాబును మా పంచాయతీ కార్యాలయం నోటీసు బోర్డు మీద పెట్టించగలరు.

ఇట్లు,
గ్రామ సంఘం లెక్కలు రాసే సభ్యురాలు,
దేవరకొండ ప్రాంతం, నల్లగొండ జిల్లా